పంచాయితీకి రాని సాక్షి

గురువారం మధ్యాహ్నం మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పనిచేసే ముఖేష్ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. "వందన గారు సూర్యాపేటలోని మూసీ డీలక్స్ లాడ్జికి చేరుకున్నారు. ఈ చోటు మీ కుటుంబానికి నచ్చిందా? స్టార్లు ఇవ్వండి."

వందన ముఖేష్ భార్య. ముఖేష్ మెసేజ్ చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి చదివాడు. స్టార్లు ఇవ్వలేదు.

మెసేజ్ పంపింది ఇంటితోడు అనే యాప్. ఉగాదికి ముఖేష్ మిర్యాలగూడలో మహేందర్ సెల్ షాపులో తనకొకటి, వందనకొకటి ఫోన్లు కొన్నాడు. రెండు ఫోన్లు కొన్నవాళ్లకు యాప్ ఉచితం. ఇంట్లో ఎవరు ఎక్కడ ఉన్నారో అది ఇంటి పెద్ద ఫోన్‌లో చూపిస్తుంది. రెండు ఫోన్లలోనూ దాన్ని మహేందరే ఎక్కించాడు. వందన ఫోన్‌లో "అంగీకరిస్తున్నాను" అన్న చోట నొక్కింది కూడా మహేందరే. ఆ సమయానికి వందన షాపు బయట చెరుకురసం తాగుతోంది.

"వందన గారు రేషన్ షాపుకు చేరుకున్నారు." "వందన గారు పిండిగిర్నికి చేరుకున్నారు." ముఖేష్ మొదట్లో అన్నీ చదివేవాడు, తర్వాత మానేశాడు. ఇప్పుడు వెనక్కి వెళ్లి చూశాడు. అంతకు ముందు గురువారాల్లోనూ అదే లాడ్జి ఉంది.

వందన లాడ్జికి వెళ్లలేదు. లాడ్జి ఉన్న కాంప్లెక్సులోనే రెండో అంతస్తులో మానసిక వైద్యశాల ఉంది. హైదరాబాద్ నుంచి ఒక డాక్టరమ్మ గురువారం గురువారం వచ్చి కూర్చుంటుంది. వందనకు పోయిన చలికాలం నుంచి నిద్ర లేదు. ఆమె మాడుగులపల్లిలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతుంది. మిషన్ ముందు కూర్చుంటే గుడ్డ చేతిలో ఉండేది, కాలు తొక్కేది కాదు. ఏడుపు వచ్చేది, ఎందుకో తెలిసేది కాదు. డాక్టరమ్మ మాత్రలు రాసింది, కూర్చోబెట్టి మాట్లాడింది, వారం వారం రమ్మంది. నిద్ర మెల్లగా రావడం మొదలైంది. లైనింగ్ బట్టకు పోతున్నానని వందన ఇంట్లో చెప్పేది. వచ్చేటప్పుడు లైనింగ్ బట్ట తెచ్చేది కూడా.

మాడుగులపల్లిలో అలాంటి వైద్యశాలకు వేరే పేరుంది. పిచ్చి దవాఖాన. వాళ్ల వాడలో శ్రీలత అనే కోడలు ఒకసారి వెళ్లొచ్చింది. ఆ తర్వాత ఆమె కూరలో ఉప్పు ఎక్కువేసినా, కిరాణా కొట్లో బేరమాడినా, పెళ్లిలో నవ్వినా వాడంతా ఒకే కారణం చెప్పింది. ఏడాది తిరగక ముందే ఆమెను పుట్టింటికి పంపేశారు. వందన అదంతా చూసింది.

కాబట్టి ఆ సాయంత్రం ముఖేష్ ఫోన్ చూపించి అడిగినప్పుడు ఆమె లాడ్జి అని అయినా ఒప్పుకోవాలి, దవాఖాన అని అయినా చెప్పాలి. రెండిట్లో ఏది చెప్పినా ఆ ఇంట్లో ఆమె మాట అక్కడితో అయిపోతుంది.

"ఎటు పోయినవ్?" అన్నాడు ముఖేష్.

"లైనింగ్ బట్టకు."

"లైనింగ్ బట్ట లాడ్జిల అమ్ముతుండ్రా ఇప్పుడు?"

"నేను లాడ్జికి పోలె."

"మరి గిదేంది?"

"నాకేం తెల్సు? రాసినోన్ని అడుగు."

"మెషిన్ అబద్ధం చెప్తదా?"

"మీ మిల్లుల కాంటా మెషిన్ కాదా? ఏ రైతుకు ఎంత సూపియ్యాల్నో దానికి ఎరుకే అని నువ్వే అంటవ్ గద."

వంటింట్లో నుంచి ముఖేష్ తల్లి సుగుణమ్మ, "అన్నం సల్లారుతుంది. తిని కొట్లాడుండ్రి" అంది.

ఎవరూ తినలేదు. తెల్లవారి వందన మిర్యాలగూడ వచ్చి కోదాడ బస్సెక్కింది.

కోదాడలో ఆమె మేనమామ కృపాకర్ ఉన్నాడు. సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాడు. తల్లి పోయిన తర్వాత వందనను పెంచింది ఆయనే. ఆమె చెప్పింది విన్నాడు.

"నువ్వు లాడ్జికి పోలేదని నాకు వేరే చెప్పాలా? మరి ఎటు పోయావమ్మా?"

"అది మాత్రం అడగొద్దు మావయ్యా."

"అడగొద్దంటే ఎట్టా? రేపు పంచాయితీ పెడతారు. నేనేం చెప్పాలి అక్కడ?"

"లాడ్జికి పోలేదని చెప్పు."

"అది సగం మాట."

"మిగతా సగం నాది."

కృపాకర్ ఇంకేమీ అడగలేదు. తప్పు రాసినవాడే దిద్దాలన్నది ఆయన పద్ధతి. ముప్పై ఏళ్లు పిల్లల పేపర్లు అలాగే దిద్దించాడు. ఇంటితోడు నంబరుకు ఫోన్ చేశాడు. తెలుగు కోసం మూడు నొక్కమంది, నొక్కాడు. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని చెప్పి పాట పెట్టింది. ఆయన ఫోన్‌ను టీవీ మీద పెట్టి భోజనం చేసి, చేయి కడుక్కొని వచ్చాడు. పాట నడుస్తోంది. తర్వాత అదే ఆగిపోయి మెసేజ్ వచ్చింది. "మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం."

మర్నాడు ఆయన మిర్యాలగూడ వెళ్లి మహేందర్ సెల్ షాపు ముందు దిగాడు.

"ఈ యాప్ కంపెనీ ఆఫీసు ఎక్కడయ్యా?"

"యాప్‌లనే ఉంటది సార్."

"మనుషులు కూర్చునే ఆఫీసు అడుగుతున్నా."

మహేందర్ ఆలోచించాడు. "పోస్టర్లు అంటించనీకె ఒకాయన వస్తుండె సార్. ఇప్పుడు రాట్లేడు."

"ఆయన నంబరు?"

"స్విచాఫ్ వస్తది."

"ఎవరో ఏమిటో తెలియని సరుకు ఎందుకు అమ్ముతున్నావు మరి?"

"తెల్సినయే అమ్మాలంటే షాపుల ఫోన్ కవర్లు గూడ మిగలయి సార్."

"నీ ఫోన్లో ఉందా ఈ యాప్?"

"లేదు సార్."

"ఎందుకు లేదు?"

"మా ఇంటామె ఒప్పుకోలే."

కృపాకర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆదివారం సూర్యాపేటలో పంచాయితీ ఉంది. నువ్వు రావాలి."

"నేనెందుకు సార్? నేను అమ్మెటోన్ని."

"కంపెనీ వైపు ముఖం ఉన్న మనిషివి నువ్వొక్కడివే కనబడ్డావు."

మొగుడూ పెళ్లాల పంచాయితీని ఈ వైపు ఇద్దరి ఊళ్లలోనూ పెట్టరు. ఏ ఊళ్లో పెడితే ఆ ఊరి వాళ్ల గొంతు లేస్తుంది. మాడుగులపల్లికీ కోదాడకీ మధ్య మనిషి కావాలి, మధ్య చోటు కావాలి. మనిషిగా ఆత్మకూర్ (ఎస్) నుంచి మైసయ్యను ఒప్పుకున్నారు. ఆయన పాత ఎంపీటీసీ. ఎన్నికల్లో ఓడిన తర్వాతే ఆయన దగ్గరికి పంచాయితీలు ఎక్కువగా వచ్చాయి. ఎవరికీ ఏమీ చేసిపెట్టలేడు కాబట్టి ఎవరి వైపూ ఉండడని జనానికి నమ్మకం కుదిరింది. చోటుగా సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాలు దొరికింది. ఆషాఢం కాబట్టి పెళ్లిళ్లు లేవు. వాచ్‌మన్ ఫకీరా భోజనాల హాలు తెరిచి కుర్చీలు వేశాడు.

అందరూ కూర్చున్నాక మైసయ్య ఒక సాంబారు బకెట్ తెప్పించాడు.

"ఫోన్లన్ని గీండ్ల ఏయుండ్రి. పోయినసారి ఎవడో రికార్డు చేసి గ్రూపుల పెట్టిండు. నేను దగ్గింది సుత ఉన్నది అండ్ల."

ఫోన్లు బకెట్లో పడ్డాయి. ఒకటి మోగింది. ఎవరూ తీయలేదు. మైసయ్య ముఖేష్ వైపు తిరిగాడు.

"చెప్పు పిలగా. నీ బాధేంది?"

ముఖేష్ చెప్పాడు. గురువారాలు, లాడ్జి పేరు, మెసేజ్‌లు. వందన రెండు కుర్చీల అవతల మేనమామ పక్కన కూర్చొని నేల చూస్తోంది.

"ఆమె లాడ్జిలకు పోంగ ఎవలు సూసిండ్రు?" అన్నాడు మైసయ్య.

"ఫోన్ల వచ్చింది పెద్దయ్యా."

"ఫోన్ల వచ్చింది సరే. సూసిందెవలు?"

"కంపెనీ సూసింది."

"కంపెనీని పిలిచినవా?"

ముఖేష్ మహేందర్ వైపు చూశాడు. అందరూ చూశారు. మహేందర్ లేచి నిలబడ్డాడు.

"పెద్దయ్యా, నేను షాపు పెట్టుకున్నోన్ని. నాకు కంపెనీకి సంబంధం లేదు."

"సంబంధం లేకుంట ఆ పిల్ల ఫోన్ల ఎట్ల ఎక్కించినవ్?"

"ఆఫర్ ఉండె."

"కంపెనీ చెప్పింది నిజమని జామీను ఉంటవా?"

"ఉండ."

"అబద్ధమని ఉంటవా?"

"దానికి గూడ ఉండ పెద్దయ్యా."

"మరి కూసో."

మహేందర్ కూర్చున్నాడు. మైసయ్య, సాక్షిని అడగకుండా పంచాయితీ నడవదని, కంపెనీ రాకపోతే ఫోన్లోనైనా మాట్లాడించమని చెప్పాడు. బకెట్లో నుంచి ముఖేష్ ఫోన్ తీశారు. బకెట్ అడుగు తడిగా ఉంది. సుగుణమ్మ కొంగుతో తుడిచి ఇచ్చింది. ముఖేష్ యాప్‌లో సహాయం అన్న చోట నొక్కి స్పీకర్ పెట్టాడు.

"నమస్కారం ముఖేష్ గారూ," అంది ఒక ఆడగొంతు. "నేను ఇంటితోడు సహాయకురాలిని. మీ ప్రియమైన వారి భద్రత మా బాధ్యత. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

మైసయ్య భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. "నమస్తే బిడ్డా. మీదేవూరు?"

"క్షమించండి, మీ ప్రశ్న నాకు అర్థం కాలేదు."

"ఎవల బిడ్డవు?"

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను. మా వల్ల పొరపాటు జరిగి ఉంటే మన్నించండి."

కుర్చీల్లో కదలిక వచ్చింది. పంచాయితీలో ఒక వైపు వాళ్లు తప్పైందని అంటే దాదాపు అయిపోయినట్టే. తర్వాత టీ వస్తుంది. ఫకీరా స్టవ్ వెలిగించడానికి లేచాడు. మైసయ్య చేత్తో ఆగమన్నాడు.

"ఊరడిగితేనే తప్పైంది అంటుంది. గింత జల్ది ఒప్పుకునేటోళ్లను నమ్మద్దు. మహేందర్, ఇంకెవలన్న పెద్దమనిషిని ఇయ్యమను."

"పెద్దయ్యా, అది మెషిన్. అండ్ల మనిషి లేడు."

"ఒక్కడన్న ఉండడా?"

"ఉంటడు. మనకు దొరకడు."

ముఖేష్‌కు ఓపిక పోయింది. ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకొని గట్టిగా అడిగాడు. "వందన పోయిన గురువారం మధ్యాహ్నం ఎక్కడున్నది?"

"వందన గారు మూసీ డీలక్స్ లాడ్జిలో ఉన్నారు."

"ఇన్నరా? అందరు ఇన్నరా?" అన్నాడు ముఖేష్.

కృపాకర్ చేయెత్తాడు. "నేను అడగొచ్చా మైసయ్యగారూ?"

"అడుగుండ్రి సార్. మీ హక్కు."

కృపాకర్ ఫోన్ వైపు వంగాడు. "ఏ గదిలో ఉంది?"

"గది వివరాలు అందుబాటులో లేవు."

"లోపలికి పోవడం చూశావా?"

"మా అంచనా ప్రకారం వందన గారు ఆ పరిసరాల్లో ఉన్నారు."

"అంచనా అంటున్నావు ఇప్పుడు. మెసేజ్‌లో ఆ మాట రాయలేదే?"

"మీ విలువైన సూచనకు ధన్యవాదాలు. ఈ స్థలం సరైనది కాదని భావిస్తే, ఆ చుట్టుపక్కల ఉన్న ఇతర స్థలాలు చెప్పమంటారా?"

వందన తల ఎత్తింది.

"చెప్పు," అన్నాడు మైసయ్య.

"ఒకటి, శబరి టిఫిన్ సెంటర్. రెండు, బోరుబావుల లారీ బుకింగ్ ఆఫీసు. మూడు, మనోదీప మానసిక వైద్యశాల. నాలుగు, మెరుపు ఫోటో స్టూడియో. ఐదు, జిరాక్స్ మరియు స్టాంపు పేపర్లు."

సుగుణమ్మ కోడలి వైపు చూసింది. వందన చీర అంచును వేలికి చుట్టుకుంటోంది. రాత్రిళ్లు కోడలు వాకిట్లో తిరగడం సుగుణమ్మకు తెలుసు. ఈ మధ్య తిరగడం తగ్గిందనీ తెలుసు. డబ్బాల వెనక మాత్రలు కనబడితే బలం మాత్రలు అనుకుంది. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

"బోరుబండి ఆఫీసుకు పోయి ఉంటది," అంది సుగుణమ్మ. "మన బోరు ఎండింది గద."

ముఖేష్ తల్లి వైపు తిరిగాడు. "లైనింగ్ బట్టకు పోయిన అన్నది గదనే?"

"బట్ట తేలేదా? తెచ్చింది. పోయినోళ్లు ఒక్క పని మీదనే పోతరా? నువ్వు మిల్లుకు పోయి మిల్లు పనే చేసొస్తవా?"

రెండు వైపుల చుట్టాలూ నవ్వారు. ఫోన్ నవ్వు ఆగేదాకా ఉండి మళ్లీ మాట్లాడింది.

"వందన గారు ఏ స్థలంలోకి వెళ్లారో అంతస్తుతో సహా తెలుసుకోవాలనుకుంటున్నారా? ఇంటితోడు ప్లస్ సభ్యులకు ఆ వివరాలు అందిస్తాం. ఇప్పుడే ప్లస్‌కు మారండి."

ముఖేష్ మహేందర్‌ను అడిగాడు. "నిజమేనా అన్నా?"

"నిజమే. ప్లస్ల అంతస్తు గూడ వస్తది. పాతయి గూడ సూపిస్తది. కట్టంగనే ఐదు నిమిషాల్ల ఓపెన్ అయితది." మహేందర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఎక్కడ నొక్కాల్నో నేను సూపిస్త."

"అయితే కడత," అన్నాడు ముఖేష్.

"నువ్వు కట్టక్కర్లేదు," అన్నాడు కృపాకర్. ఆయన అప్పటికే బకెట్లో చేయి పెట్టి తన ఫోన్ వెతుకుతున్నాడు. "మా పిల్ల నిజం మా డబ్బుతోనే బయటికి రావాలి. రేపు నువ్వు కొన్న నిజమని నలుగురూ అనకూడదు."

"యాప్ నాది సార్. నేనే కట్టాలె."

"కట్టేది నేను. ఓటీపీ నువ్వు చెప్పు."

"వద్దు," అంది వందన.

ఇద్దరూ ఆగారు. కృపాకర్ చేయి బకెట్లోనే ఉంది. "ఏందమ్మా? ఐదు నిమిషాల్లో తేలిపోతుంది."

"వద్దు మావయ్యా."

ఆయన చేయి బయటికి తీశాడు. ముఖేష్ లేచి నిలబడ్డాడు. "సూసిండ్రా? తప్పు చెయ్యనోళ్లు ఎందుకు వద్దంటరు? దాచేటిది ఏం లేకపోతే భయమెందుకు?"

చుట్టాల్లో ఒకరిద్దరు తలాడించారు.

"నీ అంగీలు ఉతికేది నేను," అంది సుగుణమ్మ కొడుకుతో. "ఉతికేటప్పుడు జేబులు సూస్త. ఏమేం దొరుకుతయో పెద్దమనుషుల ముంగట చెప్పాల్నా?"

ముఖేష్ కూర్చున్నాడు.

"జెప్పు సుగుణమ్మా, మేం గూడ ఇంటం," అన్నాడు చుట్టాల్లో ఎవరో.

"నీ జేబులు నీ పెండ్లాము సూస్తది. ఆమెను పిలుస్త."

ఆ గొంతు మళ్లీ వినబడలేదు. మైసయ్య ఫోన్‌ను తన చేతిలోకి తీసుకున్నాడు. ముక్కుకు దగ్గరగా పెట్టుకొని, ఎదుటి మనిషితో మాట్లాడినట్టు నింపాదిగా అడిగాడు.

"బిడ్డా, పైసలు ఇస్తే ఇంకో మాట చెప్తవా?"

"అవును. ప్లస్ సభ్యులకు మరింత కచ్చితమైన సమాచారం అందుతుంది."

"మరి గిప్పుడు లాడ్జి అని చెప్పిందేంది?"

"అది ఉచిత సమాచారం."

"అంటే అది కచ్చితం కాదు."

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను."

మైసయ్య ఫోన్‌ను బల్ల మీద పెట్టాడు.

"మోతె ఊర్ల ఓ బర్రె పంచాయితీ చేసిన నేను. బర్రె ఎవలదన్నది లొల్లి. ఒకడు సాక్ష్యం చెప్పనీకె వచ్చి ఈ పక్కోళ్లదన్నడు. నడుమల లేచి పోయి సీసా తాగొచ్చి ఆ పక్కోళ్లదన్నడు. రెండోది నిజమే కావచ్చు. గాని నేను రెండు మాటలు కొట్టేసిన. పైసలకు మాట మార్చేటోడు నిజం చెప్పినా పంచాయితీల చెల్లది. చెల్లుతదంటే రేపు ఎవని దగ్గర పైసలుంటే వాడే సాక్షిని తెచ్చుకుంటడు. ఈ కంపెనీ గూడ గంతే. ఊరు చెప్పదు, పేరు చెప్పదు, జామీను లేదు, పైసలిస్తే ఇంకో మాట చెప్తనంటది. దీని సాక్ష్యం కొట్టేస్తున్న."

"బర్రె ఎవలకు పోయింది పెద్దయ్యా?" అన్నాడు మహేందర్.

"దానికి తెల్సు గద దాని ఇల్లు. ఇడిసిపెడితే అదే పోయింది."

తర్వాత ఆయన తీర్పు చెప్పాడు. సాక్షిని తెచ్చినవాడే సాక్షి తప్పును మోయాలి. కంపెనీని ఇంట్లోకి తెచ్చింది ముఖేష్ కాబట్టి తప్పైందని ముఖేష్ చెప్పాలి. ముఖేష్ ఫోన్ వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, చివరికి లేచి చేతులు కట్టుకున్నాడు. తప్పైందన్నాడు. ఫకీరా ఈసారి అడగకుండానే స్టవ్ వెలిగించాడు.

రెండో మాట, యాప్ తీసేయాలి. మహేందర్ తీసేశాడు. తీసేసే ముందు యాప్ "మీరు వెళ్లిపోతున్నందుకు బాధగా ఉంది" అంది. ఎందుకు వెళ్లిపోతున్నారో ఐదు కారణాలు చూపించి ఒకటి ఎంచుకోమంది. పంచాయితీ వాటిలో లేదు. మహేందర్ "ఇతరములు" నొక్కాడు.

"ఇప్పటిదాంక రాసుకున్నయి గూడ తుడిపెయ్యమను," అన్నాడు మైసయ్య. "ఆ పిల్ల ఎటెటు పోయిందో అన్ని."

"అవి మన ఫోన్ల ఉండయి పెద్దయ్యా. వాళ్ల దగ్గర ఉంటయి."

"వాళ్లంటే?"

"కంపెనీ."

"తుడిపేస్తరా?"

"రిక్వెస్టు పెట్టొచ్చు. పరిశీలిస్తం అంటరు."

"పరిశీలించినంక?"

"చింతిస్తున్నం అంటరు."

"తుడిపేస్తమని ఒక కాయితం మీద వాళ్లతోని వేలిముద్ర ఏపియ్యొచ్చా?"

"వేలు ఎవలది పెద్దయ్యా?"

మైసయ్య చెప్పిన తీర్పు అమలు కాకుండా పోవడం అప్పటిదాకా ఆ హాలులో ఎవరూ చూడలేదు. టీ వచ్చింది. అందరికీ అందాక ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"వాళ్లను నేను ఆపలేను. మనోన్ని ఆపగలుగుత. ముఖేష్, ఆ పిల్ల ఎటు పోయింది, ఎందుకు పోయింది అని ఇగ నువ్వు అడగద్దు. నీ ఇంట్ల ఎవలు అడగద్దు. ఆమె చెప్తే ఇను. చెప్పకపోతే ఊకో. అడిగినట్టు తెలిస్తే మళ్ల పంచాయితీ పెడత. గప్పుడు సాక్ష్యానికి మీ అమ్మను పిలుస్త, అంగీ జేబుల గురించి."

"అడగ పెద్దయ్యా."

"సార్, మీకు ఒప్పుదలేనా?"

కృపాకర్ మేనకోడలి ముఖం చూశాడు. వైద్యశాల పేరు ఆయన కూడా విన్నాడు. ఆయన కూడా ఇప్పుడు ఒక ప్రశ్న మింగాడు.

"ఒప్పుదలేనండి."

"బిడ్డా, అందరం మాట్లాడినం. నువ్వేమన్న చెప్పేదున్నదా?"

వందన టీ తాగలేదు. గ్లాసు రెండు చేతుల్లో పట్టుకొని ఉంది.

"ఉన్నది," అంది. "వచ్చే గురువారం గూడ పోత. ఆ తర్వాత గురువారం గూడ పోత. డాక్టర్—" అని ఆగింది. ఆమె ఆ మాటను అక్కడే వదిలేసింది. "పోవుడు ఇంకా కొన్ని దినాలుంటది. ఫోను ఇంట్లనే పెట్టిపోత."

ముఖేష్ తల ఎత్తాడు. ఏదో అనబోయాడు. మైసయ్య అతని వైపే చూస్తున్నాడు. ముఖేష్ టీ గ్లాసు ఎత్తి తాగాడు. టీ వేడిగా ఉన్నా ఒక్క గుటకలో తాగాడు.

సుగుణమ్మ లేచి కోడలి పక్క కుర్చీలోకి మారింది.

"గురువారం అన్నం తిని పోతవా, కట్టుకొని పోతవా?"

"కట్టుకొని పోత అత్తమ్మా. అక్కడ శానసేపు కూసోవాలె."

"అయితే పెరుగన్నం వద్దు, పులుస్తది," అంది సుగుణమ్మ. "రొట్టెలు చేస్త."